పాత కారులో పెట్రోలు గొట్టాల ఆయుష్షు

ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వాహనాలన్నింటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ ఇవ్వడం 2019 ఆరంభంలో మొదలైంది కాబట్టి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఏపీ 30తో గాని, విజయనగరం జిల్లాకు చెందిన ఏపీ 35తో గాని మొదలయ్యే నంబరు పలక కనిపిస్తే ఆ బండి అంతకు ముందే రోడ్డెక్కిందని చెప్పవచ్చు. అటువంటి కార్లలో పదిహేనేళ్లు నిండి, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ తిరుగుతున్నవీ ఉన్నాయి. వాటి యజమానులు ఇంజను ఆయిలు, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ విషయంలో ఎంత శ్రద్ధ చూపినా, ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు చేరవేసే దారిలో అక్కడక్కడా జానెడు పొడవున ఉండే రబ్బరు గొట్టాల ఊసు సాధారణంగా ఎత్తరు. అవి తిరిగేవీ కావు, అరిగేవీ కావు, చప్పుడు చేసేవి అసలే కావు. అయితే ఈ గొట్టాలు పాడయ్యే తీరుకూ, బండి తిరిగిన దూరానికీ సంబంధం చాలా తక్కువ. రబ్బరు ముదరడం ఒక రసాయన చర్య. దానిని నడిపించేవి కాలం, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, లోపల ప్రవహించే ఇంధనం. కనుక ఇరవయ్యేళ్లలో 40,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన కారులోని గొట్టాలు, ఐదేళ్లలో లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులోని వాటికన్నా ప్రమాదకరమైన స్థితిలో ఉండవచ్చు. మీటరు అంకె చూసి పాత కారు కొనే వారికీ, కొన్నదానిని జాగ్రత్తగా వాడుకునే వారికీ ఈ తేడా తెలియడం అవసరం.

ఒత్తిడి పదింతలైన మలుపు

కార్బ్యురేటర్ ఉన్న ఇంజనులో, లోపలికి పీల్చుకునే గాలి ఒక ఇరుకైన గొంతు గుండా వేగంగా సాగుతున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గడం వల్ల, పక్కనే ఉన్న చిన్న గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రం ద్వారా ఆ గాలిలోకి ఎక్కి కలిసిపోతుంది. ఆ గిన్నె ఖాళీ కాకుండా చూస్తే చాలు కాబట్టి, ఇంజనులోని క్యామ్ తోసే ఒక చిన్న డయాఫ్రం పంపు 0.2 నుంచి 0.3 బార్ ఒత్తిడితో పెట్రోలు పంపితే సరిపోయేది. బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత ఒత్తిడి, అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపినంత బలం. ఆ కొద్దిపాటి ఒత్తిడికి మామూలు రబ్బరు గొట్టమూ, సాదా క్లిప్పూ తట్టుకునేవి. ఎక్కడైనా పగులు వస్తే పెట్రోలు చెమ్మగా ఊరేది లేదా బొట్లు బొట్లుగా కారేది.

ఇంజెక్షన్ పద్ధతిలో ఈ లెక్క మారిపోయింది. సాధారణంగా ట్యాంకులోనే ఉండే విద్యుత్ పంపు పెట్రోలును సుమారు 3 బార్ ఒత్తిడితో ఇంజను దాకా తోస్తుంది; అక్కడ రైలు అనే లోహపు గొట్టం ఒక్కొక్క సిలిండరుకు ఒకటి చొప్పున ఉండే ఇంజెక్టర్లకు దానిని పంచుతుంది; కంప్యూటరు ఆజ్ఞతో సెకనులో కొన్ని వెయ్యో వంతుల కాలం పాటు మాత్రమే తెరుచుకునే ఇంజెక్టరు, లెక్కకు సరిపడా పెట్రోలును మంచు తుంపరలా చిమ్ముతుంది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ కార్ల ద్వారా పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చింది. భారతదేశంలో సామాన్యుల చిన్న కార్లకు ఎంపీఎఫ్‌ఐ అనే పేరుతో ఈ పద్ధతి చేరువైంది మాత్రం 1998లో వచ్చిన హ్యుందాయ్ సాంత్రోతోను, 2000 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమలైన కాలుష్య ప్రమాణాలతోను. 1983 డిసెంబరులో కార్బ్యురేటర్‌తో పుట్టిన మారుతి 800 కూడా ఆ తరువాత ఇంజెక్షన్‌కు మారి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా అలాగే కొనసాగింది. నేడు ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ పట్టణాల్లోనూ తిరుగుతున్న పాత పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం ఈ తొలి ఇంజెక్షన్ తరానికి చెందినవే, అంటే వాటి గొట్టాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే వాటికి పదిహేను నుంచి పాతికేళ్ల వయసు వచ్చేసింది.

3 బార్ ఒత్తిడి ఎంతటిదో చెప్పుకోవాలంటే, కారు టైరులో కొట్టించే 30 పాయింట్ల గాలి 2 బార్‌కు కొంచెం ఎక్కువ. పెట్రోలు గొట్టం అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు మోస్తూ ఉంటుంది. ఇంత ఒత్తిడి వెనుక ఉన్న పెట్రోలు ఒక పగులు గుండా బయటపడితే దాని వేగం సెకనుకు సుమారు 28 మీటర్లు, అంటే గంటకు 100 కిలోమీటర్లు. గొట్టానికి అర మిల్లీమీటరు వెడల్పున చిల్లు పడిందనుకుంటే, ద్రవ ప్రవాహ సూత్రాల ప్రకారం నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్ల పెట్రోలు వేడి ఇంజను మీదికి తుంపరగా చిమ్ముతుంది. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరినిస్తుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కాబట్టి పైకి తేలిపోకుండా బోనెట్ కింద, నేల మీద, గ్యారేజీ గుంటలో పేరుకుంటుంది. కార్బ్యురేటర్ కాలంలో ఖర్చుగా మిగిలిన లోపం, ఇంజెక్షన్ కాలంలో అగ్నిప్రమాదంగా మారడానికి కారణం ఇదే.

గొట్టం కోతలో కనిపించే పొరలు

ఇంజెక్షన్‌కు పనికివచ్చే గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిలువునా కోసి, కోసిన ముఖాన్ని వెలుతురులో చూస్తే మూడు పొరలు స్పష్టంగా తెలుస్తాయి. అన్నిటికన్నా లోపల పెట్రోలును తాకుతూ ఉండే నున్నని పొర, ఇంధనానికి కరగని రబ్బరుతో చేసినది. దాని మీద పాలియెస్టర్ వంటి గట్టి దారాలతో అల్లిన జాలి. ఆ పైన ఎండ, వేడి, ఓజోన్, నూనె మరకలను తట్టుకునే వెలుపలి తొడుగు. రబ్బరు సాగుతుంది గాని ఒత్తిడిని మోయలేదు, దారం మోస్తుంది గాని ద్రవాన్ని ఆపలేదు. ఒకదాని లోటు మరొకటి పూడ్చడం వల్లనే వంగుతూనే బలంగా ఉండే గొట్టం సాధ్యమైంది.

అల్లిక దారాల వాలులో ఒక అందమైన గణితం దాగి ఉంది. లోపలి ఒత్తిడి గొట్టాన్ని ఒకవైపు చుట్టుకొలత పెరిగేలా, మరోవైపు పొడవు పెరిగేలా లాగుతుంది. సన్నని గోడ ఉన్న ఏ గొట్టంలోనైనా మొదటి లాగు రెండవదానికి రెట్టింపు ఉంటుంది. దారాలు గొట్టం నిడివికి సుమారు 54.7 డిగ్రీల వాలులో ఉంటే ఈ రెండు లాగులనూ సరిగ్గా వాటి నిష్పత్తిలోనే పంచుకుంటాయి కనుక, ఒత్తిడి పెరిగినా గొట్టం ఉబ్బదు, సాగదు. వాలు అంతకన్నా తక్కువైతే గొట్టం ఉబ్బి పొట్టిదవుతుంది, ఎక్కువైతే సన్నబడి పొడవు పెరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ చివరనున్న క్లిప్పు దగ్గర గొట్టం రోజూ కదిలి, అక్కడే నలిగిపోతుంది. ఏదైనా ఒక చోట దారాలు తెగితే ఆ భాగం బుడిపెలా పైకి లేస్తుంది. అలా బుడిపె కట్టిన గొట్టం ఎప్పుడైనా పగలవచ్చు.

రబ్బరు ముదిరే రసాయనం

చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరు పెట్రోలుకు పనికిరాదు, ఎందుకంటే రెండూ హైడ్రోకార్బన్లే, ఒకే స్వభావం గల పదార్థాలు ఒకదానిలో ఒకటి సులువుగా కలుస్తాయి. సహజ రబ్బరు ముక్కను పెట్రోలులో నానబెడితే కొద్ది గంటల్లోనే ఉబ్బి జిగటగా మారుతుంది. ఈ చిక్కును విప్పినది 1930ల్లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిన నైట్రైల్ రబ్బరు. బ్యూటాడయీన్, ఆక్రిలోనైట్రైల్ అనే రెండు పదార్థాలను గొలుసులుగా జోడించి దీనిని చేస్తారు; ఆక్రిలోనైట్రైల్‌లోని నైట్రోజన్ వైపు ఎలక్ట్రాన్లు ఒరిగి ఉండడం వల్ల ఆ అణువుకు ఒక కొస ధన, ఒక కొస రుణ స్వభావం వస్తుంది, దానినే ధ్రువత్వం అంటారు. ధ్రువత్వం లేని పెట్రోలు అణువులు ధ్రువత్వం గల ఈ రబ్బరులోకి సులువుగా చొరబడలేవు. 1957లో అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ వైటన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఫ్లోరిన్ రబ్బరు ఇంకా మెరుగైనది. నైట్రైల్ 100 డిగ్రీలు దాటిన వేడిలో త్వరగా ముదిరిపోతే, ఇది 200 డిగ్రీల దాకా నిలబడుతుంది, పెట్రోలు అణువులను తన గుండా ఊరనివ్వదు. ఖరీదు ఎక్కువ కాబట్టి మంచి ఇంజెక్షన్ గొట్టాలలో దీనిని లోపలి పలుచని పొరకు మాత్రమే వాడతారు.

నైట్రైల్ రబ్బరుకు బలం ఇచ్చిన గొలుసులోనే దాని బలహీనత కూడా ఉంది. బ్యూటాడయీన్ భాగంలో కార్బన్ల మధ్య రెండేసి బంధాలు మిగిలి ఉంటాయి. ఆక్సిజన్ వాటి చుట్టుపక్కల చర్య జరిపి గొలుసులను అడ్డదిడ్డంగా ఒకదానితో ఒకటి ముడివేస్తుంది, దానితో సాగే గుణం పోయి రబ్బరు గట్టిపడుతుంది. ఓజోన్ అయితే ఆ జంట బంధాలను నేరుగా తెంచుతుంది. గాలిలో పది కోట్ల భాగాలకు కొద్ది భాగాలు ఉన్నా చాలు, గొట్టం వంపు తిరిగిన చోట, సాగి ఉన్న పైభాగాన, లాగుకు అడ్డంగా సన్నని నెర్రెలు పడతాయి. నిటారుగా ఉన్న భాగం బాగానే ఉండి వంపు మాత్రమే నెర్రెలు తీయడానికి కారణం ఇదే. మూడవ కారణం, రబ్బరును మెత్తగా ఉంచడానికి తయారీలో కలిపే ప్లాస్టిసైజర్ నూనెలు ఏళ్ల తరబడి పెట్రోలులోకి కొద్దికొద్దిగా కరిగిపోవడం.

ఈ చర్యలన్నిటికీ వేడి తోడవుతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందనే మొరటు లెక్కను పట్టుకుంటే, నీడలో 30 డిగ్రీల వద్ద ఉన్న రబ్బరుకన్నా బోనెట్ కింద 90 డిగ్రీల వద్ద ఉన్న రబ్బరు అరవై రెట్లకు పైగా వేగంగా ముదురుతుంది, అంటే అక్కడి ఒక గంట ఇక్కడి రెండున్నర రోజులతో సమానం. బండి ఆపిన మరుక్షణం ఈ వేడి తగ్గదు సరికదా, ఎదురుగాలీ ఫ్యానూ ఆగిపోవడంతో ఇంజను వేడంతా బోనెట్ కింద పోగుపడి కొన్ని నిమిషాలపాటు ఇంకా పెరుగుతుంది. వేసవి మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి పలాస దాకా జాతీయ రహదారి మీద ఏకబిగిన వచ్చి ఆగిన కారుకన్నా, బజారులో పదిసార్లు ఆపి పదిసార్లు తీసిన కారు గొట్టాలు ఈ ఆగిన వేడిని ఎక్కువసార్లు అనుభవిస్తాయి. మీటరులో మాత్రం నాలుగు కిలోమీటర్లే పెరుగుతాయి.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

ఉత్తరాంధ్రకు దగ్గరి రిఫైనరీ 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం పరమైన విశాఖపట్నం రిఫైనరీ. రిఫైనరీ నుంచి వచ్చిన పెట్రోలులో ఇథనాల్‌ను డిపోల దగ్గర కలుపుతారు. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైనప్పుడు వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దేశం మొత్తం మీద సగటు 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన ఇ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించగా, 2025 నాటికి అదే మామూలు పెట్రోలుగా మారింది. ఈ ప్రాంతపు చెరకుకూ ఇందులో భాగం ఉంది; సంకిలిలోని పారి చక్కెర కర్మాగారానికి అనుబంధంగా డిస్టిలరీ నడుస్తోంది.

నైట్రైల్ రబ్బరు పెట్రోలును అడ్డుకునేది తన ధ్రువత్వం వల్లనే అని పైన చెప్పుకున్నాం కాబట్టి, ధ్రువత్వం గల ఇథనాల్ చేరితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కరిగించే గుణాన్ని ఒక కొలబద్ద మీద గుర్తిస్తే పెట్రోలు ఒక పక్కన, ఇథనాల్ మరో పక్కన, నైట్రైల్ రబ్బరు వాటి మధ్యన ఉంటాయి. రబ్బరుకు పెట్రోలూ దూరమే, శుద్ధ ఇథనాల్ కూడా దూరమే. కాని రెండింటినీ కలిపినప్పుడు మిశ్రమం కొలబద్ద మీద జరుగుతూ రబ్బరు ఉన్న చోటికి దగ్గరవుతుంది. అందువల్ల ఇథనాల్ 10 నుంచి 25 శాతం మధ్య ఉన్న మిశ్రమాల్లో రబ్బరు ఎక్కువగా ఉబ్బి, 85 శాతం ఉన్న మిశ్రమంలో తక్కువగా ఉబ్బుతుంది. ఇ-20 సరిగ్గా ఆ మధ్య మేరలో పడుతుంది.

ఉబ్బిన రబ్బరు నుంచి ప్లాస్టిసైజర్లు ఇంకా త్వరగా కరిగిపోతాయి. ఆ తరువాత బండి నెలల తరబడి కదలకుండా ఉండి గొట్టం ఆరితే, మునుపటి కొలతకన్నా చిన్నదై, గట్టిపడి, క్లిప్పు దగ్గర పట్టు వదులుతుంది. ఇ-20 పోసిన మర్నాడే గొట్టం కరిగిపోతుందన్న భయానికి ఆధారం లేదు. మంచి నైట్రైల్ గొట్టం కొత్తగా ఉన్నప్పుడు ఈ ఉబ్బును తట్టుకుంటుంది. కాని ఇథనాల్ లేని రోజుల్లో బిగించి, ఇరవయ్యేళ్లు ముదిరిన గొట్టానికి ఆ వెసులుబాటు మిగలదు. 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణ కూడా కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తరువాత కొన్ని రబ్బరు భాగాలను, గ్యాస్కెట్లను మార్చవలసి రావచ్చని, అది మామూలు సర్వీసులోనే అయిపోయే పని అని చెప్పింది. ఇథనాల్ మంచి ద్రావణి కావడంతో, పాత ట్యాంకు అడుగున పేరుకున్న జిగురును కూడా కదిలించి ఫిల్టరులోకి తెస్తుంది. గొట్టాలు మార్చే రోజున ఫిల్టరును కూడా మార్చమనడానికి కారణం ఇదే.

ఉప్పుగాలి, క్లిప్పు

శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం ఉన్న జిల్లా మరొకటి లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు రబ్బరును పెద్దగా ఏమీ చేయదు గాని, దానిని పట్టి ఉంచే ఇనుప క్లిప్పులనూ, బండి అడుగున సాగే ఉక్కు గొట్టాలనూ తింటుంది. తేమను పీల్చే ఇథనాల్, నిలిచిపోయిన బండి ట్యాంకులోకి నీటిని చేర్చి లోపలి నుంచి అదే పని చేస్తుంది. తుప్పు పట్టిన క్లిప్పు పట్టు వదలడం ఒక ప్రమాదమైతే, తుప్పుతో గరుకెక్కిన లోహపు కొస రబ్బరును రాపిడి చేయడం మరొకటి.

క్లిప్పు చిన్న వస్తువే అయినా దాని పొరపాటు చిన్నది కాదని రెండు ఉదాహరణలు చెబుతాయి. 2016 అక్టోబరులో రెనో సంస్థ సుమారు 50,000 క్విడ్ కార్లను వెనక్కి పిలిపించి ఇంధన వ్యవస్థను పరీక్షించి, గొట్టానికి అదనంగా ఒక క్లిప్పు అమర్చింది. 2019 ఆగస్టులో మారుతి సుజుకి, 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 వరకు తయారైన 40,618 వ్యాగన్ఆర్ కార్లను, ఇంధన గొట్టం లోహపు క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందన్న అనుమానంతో తనిఖీకి పిలిచింది. కొత్త బండ్లలోనే కర్మాగారం ఇంత జాగ్రత్త పడవలసి వచ్చినప్పుడు, ఎన్నో చేతులు మారి, ఏ షెడ్డులో ఏ క్లిప్పు పడిందో తెలియని పాత బండి విషయంలో చూసీచూడనట్టు ఉండడం తగదు.

డీజిలు బండ్ల తీరు వేరు

పాత డీజిలు జీపుల్లోను, వ్యాన్లలోను పంపు నుంచి నాజిల్ దాకా ఒత్తిడి వందల బార్లలో ఉంటుంది కాబట్టి అక్కడ ఉక్కు గొట్టాలే వాడతారు. రబ్బరు గొట్టాలు ట్యాంకు నుంచి పంపు దాకా, నాజిళ్ల నుంచి మిగులు డీజిలు వెనక్కి వెళ్లే దారిలోనూ ఉంటాయి. ట్యాంకు నుంచి వచ్చే దారిలో పంపు డీజిలును పీల్చుకుంటుంది, అంటే ఆ గొట్టంలో ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువ. అందువల్ల పగులు పడితే డీజిలు బయటికి కారకుండా గాలి లోపలికి దూరుతుంది. ఉదయాన్నే బండి స్టార్టు కాకపోవడం, మెకానిక్ వచ్చి ఎయిర్ తీసి పోవడం, నాలుగు రోజుల తరువాత మళ్లీ ఎయిర్ పట్టడం అనే పాత తంతు వెనుక చాలాసార్లు ఇటువంటి ఎండిపోయిన గొట్టమే ఉంటుంది. కారిన మరక ఎక్కడా కనిపించదు కాబట్టి నేరం పంపు మీదికి, నాజిళ్ల మీదికి పోయి ఖర్చు పెరుగుతుంది.

ముదిరిన గొట్టం ఆనవాళ్లు

పెట్రోలు కారులో మొదటి ఆనవాలు వాసన. రాత్రంతా మూసి ఉన్న షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన వస్తే, చుక్క కారకపోయినా గొట్టం గోడ గుండా ఆవిరి ఊరుతున్నదని అనుమానించాలి. తరువాతది స్పర్శ: ఇంజను చల్లారిన తరువాత గొట్టాన్ని వేళ్ల మధ్య నొక్కితే కొద్దిగా లొంగి వెంటనే యథాస్థితికి రావాలి, చెక్కలా గట్టిగా ఉన్నా, వేళ్లకు అతుక్కునేంత మెత్తగా ఉన్నా ఆయుష్షు తీరినట్టే. వంపు దగ్గర నెర్రెలు, క్లిప్పు పక్కన ఉబ్బు, దుమ్ము అంటుకున్న తడి మరక చూడవలసిన మరికొన్ని గుర్తులు. ఉదయం స్టార్టరు చాలాసేపు తిప్పవలసి రావడం కూడా గొట్టంలో ఒత్తిడి రాత్రికి రాత్రే జారిపోతున్నదనడానికి సంకేతం కావచ్చు గాని, పంపులోని వాల్వు బలహీనపడినా అదే లక్షణం కనిపిస్తుంది.

కంటికి అందని ఆనవాలు లోపలి పొరలో ఉంటుంది. బయటి తొడుగు నిగనిగలాడుతున్నా లోపలి పొర పొరలుగా లేచి, నల్లని రేణువులు ఫిల్టరు దాటిన తరువాతి గొట్టం నుంచి నేరుగా ఇంజెక్టరు రంధ్రాలకు చేరవచ్చు. అందువల్ల బయటి రూపాన్ని బట్టి గొట్టం బాగుందని తేల్చడం కుదరదు.

ఎంపిక, మార్పిడి

విడిభాగాల దుకాణంలో పెట్రోలు పైపు అని అడిగితే మీటరు లెక్కన కోసి ఇచ్చే గొట్టాల్లో మూడు రకాలు కలిసి ఉంటాయి. స్కూటర్లకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం కారు ఇంజెక్షన్‌కు ఏ విధంగానూ పనికిరాదు. దానిలోని ప్లాస్టిసైజరును పెట్రోలు లాగేసి కొద్ది నెలల్లోనే బిరుసు చేస్తుంది. రెండవది కార్బ్యురేటర్ తరగతి రబ్బరు గొట్టం. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ నిర్ణయించిన జె30 ప్రమాణంలో ఇది ఆర్7 కిందికి వస్తుంది. దీని పని ఒత్తిడి సుమారు 3.5 బార్, అంటే 3 బార్ నడిచే చోట దాదాపు వెసులుబాటే లేనట్టు. మూడవది అదే ప్రమాణంలోని ఆర్9 తరగతి, లోపల ఫ్లోరిన్ రబ్బరు పొరతో సుమారు 7 బార్ దాకా పనిచేసేది. ఇంజెక్షన్ కారుకు కావలసింది ఇదే. ట్యాంకు లోపల, పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు ఆర్9 కూడా చాలదు. లోపలా బయటా ఇంధనాన్ని తట్టుకునే ఆర్10 తరగతి కావాలి. ఈ గుర్తులు గొట్టం నిడివినా అచ్చై ఉంటాయి. అచ్చు లేని గొట్టం ఎంత మందంగా ఉన్నా నమ్మదగినది కాదు. కొన్ని కార్లలో నైలాన్ గొట్టాలు, నొక్కితే ఊడివచ్చే ప్లాస్టిక్ కనెక్టర్లు ఉంటాయి. వాటిని కోసి రబ్బరు ముక్క తొడిగి క్లిప్పు బిగించకుండా, కంపెనీ భాగాన్నే తెప్పించుకోవాలి.

మార్పిడిలో మొదటి పని గొట్టంలో దాగిన ఒత్తిడిని దించడం. ఇంజను ఆపినా గంటల తరబడి 2, 3 బార్ ఒత్తిడి లోపల నిలిచి ఉంటుంది కాబట్టి, పంపు ఫ్యూజును గాని రిలేను గాని తీసి ఇంజనును దానంతట అది ఆగిపోయేదాకా నడిపి, పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. పని ఆరుబయట, గాలి ఆడే చోట జరగాలి. దరిదాపుల్లో వెల్డింగు, బీడీ, వేలాడే బల్బు ఉండకూడదు, పొడి రసాయనపు అగ్నిమాపకం చేతికందేలా ఉండాలి. విప్పే కీలు చుట్టూ గుడ్డ చుట్టి, మిగిలిన పెట్రోలును దానిలోకి వదలనివ్వాలి.

ఏళ్ల తరబడి ఉన్న గొట్టం లోహపు కొసకు అంటుకుపోయి ఉంటుంది. దానిని ప్లయరుతో మెలితిప్పి లాగితే కొస వంగవచ్చు, రైలు దగ్గరి ప్లాస్టిక్ భాగం విరగవచ్చు. గొట్టాన్ని నిలువునా చీల్చి ఒలిచివేయడమే క్షేమం. అయితే బ్లేడు మొన లోహానికి తగలకూడదు, ఎందుకంటే కొస మీద నిలువునా పడిన ఒక్క గీత, ఎంత మంచి క్లిప్పు బిగించినా పెట్రోలు జారిపోయే దారి అవుతుంది. కొసను శుభ్రంగా తుడిచి, తుప్పు గుంటలు ఉంటే ఆ లోహపు గొట్టాన్నే మార్చాలి. కొత్త ముక్కను పాతదానంత పొడవున, కొసలు చదరంగా ఉండేలా కోసి, లోపల రేణువులు లేకుండా ఊది, కొస మీద ఉబ్బెత్తుగా ఉండే కట్టును దాటి బాగా లోపలికి తొడగాలి; క్లిప్పు ఆ కట్టుకు ఇవతల, గొట్టం అంచుకు కొంచెం లోపల కూర్చోవాలి. పట్టీ నిండా గాట్లు ఉండే మామూలు స్క్రూ క్లిప్పులో రబ్బరు ఆ గాట్లలోకి ఉబికి తెగుతుంది; ఇంజెక్షన్ క్లిప్పుకు లోపలి వైపు నునుపుగా ఉంటుంది, అంచులు బయటికి మడిచి ఉంటాయి. రబ్బరు పట్టీ పక్కలకు ఉబికేంతగా బిగించడం గట్టి పని కాదు, గొట్టాన్ని కోసే పని.

పరీక్ష ఓపికతో చేయాలి. బ్యాటరీ తగిలించి, ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవిని మూడు నాలుగుసార్లు ఆన్ చేస్తే పంపు ప్రతిసారీ రెండు మూడు సెకన్లు తిరిగి ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు ప్రతి కీలునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. ఆ తరువాత ఇంజను నడిపి, వేడెక్కాక ఒకసారి, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మరొకసారి చూస్తేనే పని పూర్తయినట్టు. రబ్బరు వేడికి వ్యాకోచించి చలికి ముడుచుకునేటప్పుడు లోపం బయటపడుతుంది.

వయసు లెక్క

ఇంధన గొట్టానికి టైరుకు ఉన్నట్టు అరుగుదల గుర్తు లేదు, బ్రేకుకు ఉన్నట్టు కీచుమనే హెచ్చరిక లేదు, డాష్‌బోర్డు మీద వెలిగే దీపం లేదు. దాని స్థితిని తెలిపే నమ్మదగిన సమాచారం అది ఎప్పుడు తయారైందన్నది ఒక్కటే. చాలా గొట్టాల మీద తరగతి గుర్తు పక్కనే తయారీ కాలం కూడా అచ్చై ఉంటుంది. చేతులు మారిన బండిలో ఆ అచ్చు చెరిగిపోయి, పాత యజమానికీ తెలియనప్పుడు, గొట్టం వయసు కారు వయసేనని లెక్కవేయడం శాస్త్రసమ్మతం. పదేళ్లు దాటిన గొట్టాన్ని కారకముందే మార్చడానికి అయ్యే ఖర్చు కారు సంరక్షణలో చిన్న పద్దు. పైగా ట్యాంకు దగ్గరా, ఫిల్టరు దగ్గరా, ఇంజను దగ్గరా ఉన్న ముక్కలన్నీ ఒకే వయసువి కాబట్టి, కారిన ఒక్కదానిని మార్చి మిగిలినవాటిని వదిలేయడం పొదుపు కాదు. కొత్త గొట్టం తరగతిని, బిగించిన నెలను, అప్పటి మీటరు అంకెను సర్వీసు పుస్తకంలో రాసి ఉంచితే, ఈ కారు తరువాత ఎవరి చేతికి వెళ్లినా ఆ వ్యక్తి ఊహ మీద ఆధారపడనక్కరలేదు.